కారవాన్ పెద్దమ్మ

ఆదివారం మధ్యాహ్నం కొట్టు కట్టేశాక, నరసరావుపేటలో సాయిగణేష్ వాళ్ల బట్టల దుకాణం వెనక గోడౌన్లో 'ఇంటర్వెల్ సమోసా' రికార్డింగ్ జరిగేది. దుప్పట్ల కట్టలూ లంగా గుడ్డల బేళ్లూ నాలుగు వైపులా పైకప్పు దాకా పేర్చి ఉండేవి గనక బజారు గోల లోపలికి వచ్చేది కాదు. ఫ్యాను వేస్తే ఆ మోత మైకులో పడుతుంది. అందుకని అది కూడా ఆపేసి, చెమటలు తుడుచుకుంటూ ప్రత్యూషా సాయిగణేషూ ఎదురెదురు స్టూళ్ల మీద కూర్చుని సినిమావాళ్లని ఆడిపోసుకునేవాళ్లు. ఫంక్షన్లలో ఒకళ్లనొకళ్లు పొగుడుకునే తీరు, రిలీజైన రోజు మధ్యాహ్నానికే అచ్చయ్యే వసూళ్ల పోస్టర్లు, మనవడిని ఎత్తుకోవాల్సిన వయసులో కాలేజీ సంచి తగిలించుకునే హీరోలు. సరుకుకి కరువు లేదు. డిగ్రీలో క్యాంటీన్ బల్ల దగ్గర మొదలైన వేళాకోళమే రెండేళ్లుగా పాడ్‌కాస్ట్ అయి, పిడుగురాళ్ల సున్నం మిల్లుల నుంచి హైదరాబాదు ఆఫీసు క్యాబుల దాకా వినపడుతోంది.

ఆ ఆదివారం వంతు మళ్లీ వీరరాఘవమ్మది.

ఆవిడది గురజాల. నాటకాల్లో ఆడి ఆడి నడివయసు దాటాక సినిమాల్లోకి వెళ్లింది. హీరోకి అమ్మమ్మగానో, ఊళ్లో నోరున్న పెద్దమ్మగానో రెండు మూడు సీన్లలో కనపడి జనాన్ని నవ్వించి పోయేది. ఆమధ్య మాచర్ల పక్కన ఒక పెద్ద హీరో సినిమా షూటింగ్ జరిగింది. బట్టలు మార్చుకోవడానికీ నడుం వాల్చడానికీ నటులకిచ్చే ఏసీ బస్సు ఉంటుందే, కారవాన్, అది తన ఒక్కదానికే విడిగా కావాలని ఆవిడ కెమెరా ముందు బైఠాయించి పూట పని ఆపించిందట. ఈ కబురు 'లైటన్న' పంపాడు. షూటింగుల్లో లైట్లు మోస్తానని చెప్పుకునే ఆ మనిషిని వీళ్లు ఎన్నడూ చూడలేదు. సాయిగణేష్ ఫోనుకి వాట్సాప్‌లో గొంతు మాత్రం వస్తుంది. ఆ గొంతుని ప్రోగ్రాంలో వినిపించి, దాని మీద వీళ్లు అల్లుకుపోతారు.

"పెద్దమ్మా, కారవాన్లో ఏమేం కావాలో చెప్పండి," అన్నాడు సాయిగణేష్, అసిస్టెంటు డైరెక్టరు గొంతు పెట్టి.

ప్రత్యూష దవడ కాస్త పక్కకి లాగింది. ముసలి గొంతు అలా వస్తుంది. "ఓ రోలు, ఓ రోకలి, మూలకి ఓ ఉట్టి పెట్టించు నాయనా. ఏసీ మాత్రం తగ్గించబాక. ఆవకాయ పాడయిద్ది."

ఆవిడ మీద మొదటి ఎపిసోడ్ వచ్చి నెల తిరక్కుండానే 'కారవాన్ పెద్దమ్మ' అన్న పేరు జనం నోళ్లలో పడిపోయింది. పిల్లలు ఆ ఎపిసోడ్ ముక్కలకి మూతి కదుపుతూ రీల్స్ చేస్తున్నారు. ఈసారి కూడా సాయిగణేష్ నవ్వాపుకోలేక దుప్పట్ల కట్ట మీద వాలిపోయాడు.

మర్నాడు ప్రత్యూష తను పనిచేసే పెళ్లి వీడియోల స్టూడియోలో, అన్నాల వేళ మిగిలినవాళ్లు బయటికి పోయాక, ఆ రికార్డింగు కోయడానికి కూర్చుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని లైటన్న మెసేజ్ మొదట్లో ఉన్న ఖాళీని తీసేయబోయింది. ఆ ఖాళీలో ఏదో ఉంది. సౌండు పెంచింది. లైటన్నది కాని గొంతు, దూరంనుంచి, సగం మాట తెగిపోయి వినపడింది.

"...కోసారి. నవ్వకుండా చెప్పు."

వెంటనే లైటన్న మొదలుపెట్టాడు: "తమ్ముడూ, ఇవాళ లొకేషన్లో పెద్దమ్మ రచ్చ మామూలుగా లేదు..."

ప్రత్యూష మళ్లీ విన్నది. మళ్లీ విన్నది. తరవాత పాత మెసేజులన్నీ ఒక్కొక్కటే తెరిచింది. లైట్లు మోసే మనిషి లొకేషన్ నుంచి మాట్లాడితే వెనక జనరేటర్ మోత ఉండాలి, ఎవరో ఎవరినో కేకేయాలి, కనీసం గాలి వీచాలి. ఏ ఒక్కదాంట్లోనూ అవేవీ లేవు. తలుపులు మూసిన ఏసీ గదిలో ఉండే మెత్తటి నిశ్శబ్దం ఉంది, అన్నిటా ఒకేలా. పెళ్లి వీడియోల్లో రోజంతా ఆ నిశ్శబ్దం కోసం వెతుక్కునే మనిషి గనక దాన్ని గుర్తుపట్టడం ఆమెకి కష్టం కాలేదు. ఎవరో వెనక నిలబడి నేర్పుతుంటే ఇంకెవరో చెప్పిన కబుర్లు ఇవి. ఇన్నాళ్లూ వాటి మీద తాము నవ్వారు, ఊరినీ నవ్వించారు.

సాయంత్రం దుకాణానికి వెళ్లింది. సాయిగణేష్ గల్లా పక్కన నిలబడి ఒకావిడకి జాకెట్టు గుడ్డ కొలుస్తున్నాడు. ఇనప గజంబద్ద మీద గుడ్డని చివరిదాకా లాగి, బొటనవేలితో నొక్కిపట్టి, కత్తెర మూతి తగిలించి సర్రున చించాడు. ఆవిడ వెళ్లిపోయాక ప్రత్యూష ఫోను అతని చెవి దగ్గర పెట్టింది.

విని, "ఎవరో పక్కన ఉండుంటారు," అన్నాడతను.

"లైట్లు మోసేవోడికి డైలాగు నేర్పేదెవరురా?"

"సరదాకి వాళ్ల ఫ్రెండెవడో అనుంటాడు. నువ్వు చానా లోతుకి పోతన్నావు."

అంటూనే గల్లా మీదున్న తన ఫోను తిరగేసి బోర్లా పెట్టాడు. ప్రత్యూష అది చూసింది. ఒకటి చూశాక మిగతావీ వరసగా కనపడసాగాయి. కిందటి నెల గోడౌన్లోకి కొత్త మైకు వచ్చింది. కొనాలంటే ఇద్దరూ ఆలోచించాల్సినంత ఖరీదుది. ఎవరో శ్రోత అభిమానంగా పంపాడన్నాడు. రికార్డింగు మధ్యలో ఫోనొస్తే వీధిలోకి వెళ్లి మాట్లాడి వస్తున్నాడు. ఆ పెద్ద హీరో కొత్త సినిమా మీద తను రాసుకొచ్చిన రెండు జోకులు, "ఇవి పండలేదులే," అని కొట్టేయించాడు. వెనక్కి తిరిగి లెక్కేసుకుంటే, లైటన్న వచ్చినప్పటి నుంచి ఆ సినిమా తీస్తున్న కంపెనీ మీద తాము ఒక్క మాట కూడా అనలేదు. ఈ సంగతి తనకి ఇప్పుడు తట్టింది.

"ఈ వారం ఎపిసోడ్ ఆపుదాం," అంది.

"ఎందుకు?"

"కొయ్యటం అవలా."

అబద్ధం చెప్పిందని అతనికి తెలిసింది. తెలిసిందని ఆమెకీ తెలిసింది. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోకుండా కాసేపు చినిగిన గుడ్డ పోగులు ఏరారు.

మర్నాడు స్టూడియోకి సెలవు చెప్పి, పిడుగురాళ్లలో బస్సు మారి గురజాల వెళ్లింది ప్రత్యూష. దూరంనుంచి చూసి రావాలనే అనుకుంది. కారవాన్ కోసం షూటింగ్ ఆపిన మనిషి ఇల్లు ఎలా ఉంటుందో చూస్తే చాలు, ఏదో ఒకటి తేలిపోతుంది. ఇల్లు అడిగితే మిఠాయి కొట్టువాడు చెప్పాడు. చెప్పి నవ్వాడు. "కారవాన్ పెద్దమ్మ ఇల్లా," అని.

రేకుల వసారాలో మిరపకాయల కుప్ప పోసి ఉంది. దాని చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్లు ముక్కులకి కొంగులు చుట్టుకుని తొడిమలు తీస్తున్నారు. వాళ్లలో ఒకావిడ వీరరాఘవమ్మ. కొంగు కళ్ల కింద దాకా కట్టుకున్నా ఆ కనుబొమల వల్ల పోలిక తెలిసింది. ఇది కూడా నటనేమోనని ప్రత్యూషకి ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఎవరూ చూడని వసారాలో ఎవరికోసం నటిస్తుందని మళ్లీ తనే అనుకుంది.

"ఎవరమ్మాయ్?"

"నరసరావుపేట నుంచొచ్చానండీ. నాటకాల మీద రాసుకోవటానికి..."

"అయితే కూచో. ఊరికే కూచోబాక, చేతులాడించు."

ప్రత్యూష కూర్చుంది. కాయని ఎడమచేత్తో పట్టి, బొటనగోటితో ముచ్చిక దగ్గర నొక్కి, కాయ పగలకుండా తొడిమ ఊడదీయాలి. పగిలితే గింజలు రాలి ఘాటు లేస్తుంది. ఆమె తీసిన ప్రతి కాయా పగిలింది. పక్కావిడ ఏమీ అనకుండా ఆ పగిలినవాటిని వేరే చేటలోకి తోసింది. వీరరాఘవమ్మ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. మిరప ధర గురించి, కోల్డ్ స్టోరేజీ గుమస్తా గురించి, ఒకసారి రంగస్థలం మీద గద విరిగి భీముడు చేతులూపుకుంటూ యుద్ధం చేసిన రాత్రి గురించి. ఆడవాళ్లు పడీపడీ నవ్వుతున్నారు. ప్రత్యూషకి కూడా నవ్వొచ్చి, చెమట తుడుచుకోబోయి, చెయ్యి కంట్లో పెట్టుకుంది.

తరవాత కాసేపు ఆమెకి ఏమీ తెలియలేదు. మంట. రెండు కళ్లూ మూసుకుపోయాయి. ఎవరో జబ్బ పట్టుకుని లేపి గోలెం దగ్గరికి నడిపించారు. చల్లటి నీళ్లు మొహాన పడ్డాయి.

"రుద్దబాక. అట్టా వంగు." అది వీరరాఘవమ్మ గొంతు. మళ్లీ నీళ్లు పోసింది. "వచ్చినకాడి నుంచి చూస్తన్నా. అండీ అంటావు, అమ్మా అంటావు. నా ఈడుదాన్ని ఎవరైనా పెద్దమ్మా అంటారే. నువ్వు ఒక్కసారన్నా అనలా."

ప్రత్యూష కళ్లు మూసుకునే ఉంది.

"సమోసాలో బాగా అంటావుగా. నా మనవరాలు వినిపిచ్చింది. దవడ పక్కకి లాగి మాట్లాడతావు గదా? నాటకాల్లో మేమూ అట్టాగే లాగేవాళ్లం."

తిడుతుందనుకుంది. కొంగు ఆమె చేతికిచ్చి, "తుడుచుకో," అంది వీరరాఘవమ్మ. ప్రత్యూష తుడుచుకుని, కనీకనపడని ఆవిడ మొహం చూస్తూ, తను విన్న ఆ తెగిన మాట గురించి చెప్పింది. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"ఆ రోజు అసలేం జరిగిందో చెప్పండి."

"నేను చెప్తే నమ్ముతావా?"

"నమ్ముతా."

"వాడెవడో చెప్తే నమ్మావు. ఇప్పుడు నేను చెప్తే నన్ను నమ్ముతావు. రేపు ఇంకోడొస్తాడు." వీరరాఘవమ్మ చెంబు గోలెం అంచున బోర్లించింది. "ఆ రోజు నాతో పాటు మాచర్ల ఆడోళ్లు ఉన్నారు. గుంపులో నిలబడటానికి వచ్చినోళ్లు. యాసిన్ అని ఆటో అబ్బాయి తోలుకొచ్చాడు, స్టేషను దగ్గర ఉంటాడు. వాళ్లనడుగు. ఆ తరవాత నీ ఇష్టం."

భోజనం చేసి పొమ్మంది. ప్రత్యూష తినలేనంది. బస్సులో కూర్చున్నాక కూడా కళ్లు మండుతూనే ఉన్నాయి.

మాచర్ల స్టేషను బయట యాసిన్ ఆటో వెనక సీటు మీద కాళ్లు చాపుకుని పడుకుని ఉన్నాడు. షూటింగ్ మాట ఎత్తేసరికి లేచి కూర్చున్నాడు.

"కంపెనీ తరఫునా మీరు?"

"కాదు."

"టీవీనా?"

"కాదన్నా."

"మరెందుకు అడుగుతున్నారు?"

"నేను తప్పు మాట్లాడా. సరిచేసుకుందామని. వీరరాఘవమ్మగారు మిమ్మల్ని అడగమన్నారు," అంది ప్రత్యూష. అతను ఆమె ఎర్రబడ్డ కళ్లవంక చూసి, ఏడ్చిందనుకున్నాడో ఏమో, ఆటో స్టార్ట్ చేశాడు.

ధనమ్మ ఇంటి ముందు బోరింగు దగ్గర బిందె నింపుతోంది. షూటింగులకి ఆడవాళ్లని పోగుచేసేది ఆమే. బిందె నిండినా బోరింగు కొట్టడం ఆపలేదు. నీళ్లు పొర్లి కాళ్ల మీదుగా పోతున్నాయి.

"మాకేం తెలవదు. పిలిచారు, పోయాం, వచ్చాం," అంది.

"వీరరాఘవమ్మగారు పంపారు," అన్నాడు యాసిన్.

"ఆమె పంపితే? రేపు మమ్మల్ని మళ్లీ పిలవకపోతే ఆమె పిలిచిద్దా?"

ప్రత్యూష ఫోను సంచిలో పెట్టేసింది. సంచి తీసి ఆటోలో పెట్టి, ఖాళీ చేతులతో వచ్చి బోరింగు గట్టు మీద కూర్చుంది. ధనమ్మ అది గమనించింది. పక్కింటి ఇద్దరు ఆడవాళ్లు కూడా గోడ పక్కకి వచ్చి నిలబడ్డారు. ధనమ్మే మొదలుపెట్టింది.

"నాపరాళ్ల గుట్టల కాడ తీశారమ్మా. తెల్లారకముందే పోయాం. ఓ సీనుకి ఎర్ర చీరలు, ఇంకో సీనుకి తెల్ల చీరలు. మార్చుకోటానికి చోటు లేదు. ఏమయ్యా అంటే బస్సు వెనక్కి పొమ్మన్నారు. ఒకళ్లు మార్చుకుంటుంటే ఇద్దరం చీర అడ్డం పట్టుకున్నాం. పైకి చూస్తే గుట్ట మీద మగాళ్లు. ఫోన్లు పట్టుకుని."

"వీడియో తీశారు," అంది గోడ పక్కనున్న ఆవిడ.

"మా చెల్లెలి కూతురు మార్చుకోనని ఏడ్చింది. వీరరాఘవమ్మ చూసింది. ఆమెకి, ఇంకో ఇద్దరు ఆర్టిస్టులకి కలిపి కారవాన్ ఇచ్చారు. అందులోకి మమ్మల్ని కొద్దికొద్దిమందిగా పంపి తను మెట్టు మీద నిలబడింది. మేనేజరు వచ్చాడు. వీళ్లెక్కితే బండి మురికయిద్దని మమ్మల్ని సగం చీరలతో కిందికి దింపాడు."

ధనమ్మ అప్పుడు బోరింగు వదిలింది.

"ఆమె పోయి కెమెరా ముందు కూచుంది. ఎండలో. ఏం కావాలి పెద్దమ్మా అని డైరెక్టరు అడిగాడు. కారవాన్ కావాలంది. అంతవరకే నిజం. ఎవరికి కావాలందో ఆ మాట మీ ఫోన్లలో రాలేదు."

తిరిగి వస్తుంటే యాసిన్ ఒక్కటే అడిగాడు, "ఇది కూడా నవ్వులాటగా చెబుతారా మీరు?" అని.

బుధవారం ఉదయం కొట్టు తీసేవేళకి ఆమె దుకాణం మెట్ల మీద ఉంది. సాయిగణేష్ షట్టర్ ఎత్తి, నీళ్లు చల్లి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించే దాకా ఆగి, ధనమ్మ చెప్పిందంతా చెప్పింది. అతను అగరొత్తుల పెట్టె చేతిలో తిప్పుతూ విన్నాడు.

"వాళ్లు కూడా ఆమె పంపినోళ్లేగా," అన్నాడు.

"మైకు ఎవరు పంపారు?"

అతను పెట్టెని పటం పక్కన పెట్టి సర్దాడు.

"గణేశా, నిన్నే. మైకు ఎవరు పంపారు?"

"లైటన్నే," అన్నాడు. "మీరు బాగా చేస్తున్నారు తమ్ముడూ, సౌండే బాలేదని పంపాడు. ఫోన్లో కూడా రెండు మూడుసార్లు మాట్లాడాడు."

"లైట్లు మోసేవోడు అంత మైకు ఎట్టా పంపాడని అడగలా?"

"అడగలా. అడిగితే ఆపేస్తాడని," అన్నాడు. "రెండేళ్లుగా ఈ గుడ్డల మధ్య కూచుని వాగుతున్నాం. సినిమావాడు ఒకడు మనల్ని విని ఫోన్ చేశాడంటే... నాకు బాగుండింది."

ఆమె అతని మొహంలోకి సూటిగా చూసింది. ఇందులో ఎంత నిజమో తేల్చుకోలేకపోయింది. చిన్నప్పటి నుంచీ తెలిసిన మొహం. గుడ్డ కొలతలో వేలెడు తగ్గించి కొయ్యడని ఊరంతా చెప్పుకునే ఇంటి పిల్లవాడు. అయినా ఆ పొద్దున అతని ప్రతి కనురెప్పపాటూ ఆమెకి అనుమానంగానే ఉంది.

"గురజాల వస్తావా?" అంది.

"వస్తా," అన్నాడు వెంటనే. ఆ వెంటనే అనడం కూడా ఆమెకి నచ్చలేదు.

ఆదివారం వెళ్లారు. కొత్త మైకు పెట్టెలో పెట్టేసి, పాతదాన్ని దుప్పట్లో చుట్టుకుని తీసుకెళ్లారు. వీరరాఘవమ్మ వీళ్లని లోపలి గదిలో కూర్చోబెట్టి, కిటికీకి బొంత కట్టించింది. తన గొంతు బయటికి పోకూడదన్న జాగ్రత్త నాటకాలవాళ్లకి ఉండదు. ఆవిడకి మాత్రం బాగానే తెలిసినట్టుంది.

"ముందుగానే చెప్తన్నా," అంది. "నేను ఏడవను. ఏడుపే కావాలంటే టీవీ వాళ్లని పిలిచేదాన్ని. ఇంకోటి. మీరు క్షమాపణ ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పోవాలి. సాగదీస్తే అదీ మీ గురించే అయిద్ది. ధనమ్మా వాళ్ల పేర్లు ఎక్కడా రాకూడదు."

సాయిగణేష్ మైకు సరిచేసి తలూపాడు. ఆవిడ ఆ రోజు సంగతి మొదలుపెట్టింది.

చెప్పలేదు, ఆడింది. కూర్చున్న చోటునుంచి లేవకుండా డైరెక్టరయింది. మానిటర్‌లోంచి తల ఎత్తకుండా ఎండనీ, ఆకలినీ, ఆడవాళ్లనీ అన్నిటినీ 'బ్యాగ్రౌండ్' అనే డైరెక్టరు. గొడుగు కింద నిలబడి, ఏం గొడవో తెలుసుకోకుండానే అందరికీ నమస్కారం పెట్టే హీరో అయింది. గొడుగు పట్టినవాడు అయింది. నవ్వు మైకులో పడకుండా ప్రత్యూష గట్టిగా పెదవి కొరుక్కుంది. తమ ప్రోగ్రాంలో ఏడాది పాటు చెప్పుకున్న జోకులన్నీ ఆ ఒక్క గొడుగు ముందు ఆగలేవు.

"ఇక మేనేజరు," అంది వీరరాఘవమ్మ. ముక్కుతో మాట్లాడుతూ, ప్రతి వాక్యం చివర తీపిగా సాగదీసింది. "బండి మన సొంతం కాదు గదా తల్లీ... రేపు ఓనరు నన్నడుగుతాడు గదా తల్లీ... మామూలుగా లేదు మీ రచ్చ..."

సాయిగణేష్ చెయ్యి మీట మీద ఆగిపోయింది.

"ఆ చివరిది మళ్లీ అనండి," అన్నాడు.

అంది. అతను జేబులోంచి ఫోను తీసి, వెతికి, గదిలో అందరికీ వినపడేట్టు పెట్టాడు. *తమ్ముడూ, ఇవాళ లొకేషన్లో పెద్దమ్మ రచ్చ మామూలుగా లేదు.* అదే ముక్కు. అదే తీపి. లైట్లు మోసేవాడి వేషం కోసం కాస్త మోటుగా చేసుకున్నాడు, అంతే.

"వీడే," అంది వీరరాఘవమ్మ. ఆవిడ మొహంలో కోపం కన్నా ఒక ఆర్టిస్టు ఇంకొకడి వేషాన్ని చూసే చూపు ఎక్కువగా ఉంది. "బాగానే చేశాడు."

ప్రత్యూష సాయిగణేష్‌ని చూసింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. తల దించుకుని మైకు వైరు చుట్టలు విప్పుతూ చుడుతూ ఉండిపోయాడు. ఎంత నటుడైనా కావాలని చెవులు ఎర్రబడేట్టు చేసుకోలేడు. వారం రోజులుగా లోపల బిగుసుకుని ఉన్నదేదో ఆమెలో వదులైంది. అతని చేతిలోంచి వైరు తీసుకుంది.

"రికార్డింగు ఆగిందిరా. పెట్టు," అంది మెల్లగా.

ఆ ఎపిసోడ్ గురువారం బయటికి వెళ్లింది. మొదట ఒక్క ముక్కలో క్షమాపణ, తరవాత అంతా వీరరాఘవమ్మే. హీరో పేరు లేదు, సినిమా పేరు లేదు. విన్నవాళ్లకి రెండూ తెలిశాయి. గొడుగు ముక్కని కత్తిరించి జనం ఫోన్లలో పంచుకున్నారు. సాయిగణేష్ వాళ్ల నాన్న లాయరు నోటీసు వస్తుందని భయపడి రెండు రోజులు కొట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. తెలియని నంబరు మోగితే చాలు, ప్రత్యూష ఫోను సంచిలో పడేసేది. నోటీసు రాలేదు. లైటన్న ఫోను మూగబోయింది. తరవాతి వారం, ఆ సినిమా కంపెనీ వాళ్లే తమ పేజీలో గొడుగు ముక్క పెట్టి, కింద చప్పట్ల బొమ్మలు పెట్టారు. 'మన వీరరాఘవమ్మగారి టాలెంట్' అని రాశారు.

అది చూసి ప్రత్యూషకి ఒళ్లు మండింది. ఆవిడకి ఫోన్ చేసింది.

"చూశాలే," అంది వీరరాఘవమ్మ. "ఆ మేనేజరే ఫోన్ చేశాడు. ఏదో సీను మళ్లీ తీస్తారంట, నా వేషం పెంచారంట."

"పోబాకండి. మిమ్మల్ని వాడుకుంటన్నారు."

"వాడుకోటానికేనే వేషం ఇచ్చేది." అవతల చేట చెరుగుతున్న చప్పుడు వినపడింది. "మీరు సినిమా గురించి మాట్లాడతారు. నేను సినిమాలో పనిచేస్తా. ఎన్నాళ్లని ఈ తొడిమలు తీయను? ఆడోళ్లకి చోటు కట్టించాకే వస్తానన్నా. కట్టించామన్నాడు."

"నమ్మారా?"

"ఎవరు నమ్మారు? నన్ను తీసుకుపోయి కుర్చీలో కూచోబెడతారు. అక్కణ్ణుంచి నాకేం కనపడిద్ది? నువ్వు రా. ధనమ్మకి చెప్పా. గుంపులో నిలబడు."

సినిమా మీద ఇన్ని మాటలు చెప్పిన ప్రత్యూష ఒక్క షూటింగు కూడా చూడలేదు. ఆ సంగతి ఆవిడకి ఎలా తెలిసిందో అర్థం కాలేదు.

యాసిన్ ఆటోలో, ఆడవాళ్ల మధ్య ఒంటి తుంటి మీద కూర్చుని, తెలతెలవారుతుండగా నాపరాళ్ల గుట్టల దగ్గర దిగింది. ధనమ్మ ఆమె చేతిలో ఎర్ర చీర పెట్టి వేలితో చూపించింది. కొంచెం దూరంలో సర్వీ కర్రలు పాతి, నాలుగు వైపులా పాత ఫ్లెక్సీలు కట్టి, చోటు తయారు చేశారు. ఆ హీరో కిందటి సినిమా ఫ్లెక్సీలు అవి. మీసం మెలేస్తూ నలువైపులా అతనే ఉన్నాడు. గాలికి బుగ్గలు ఉబ్బుతున్నాయి. ఎడమ కన్ను దగ్గర చీల్చి తలుపు పెట్టారు. ఆడవాళ్లు హీరో కంట్లోంచి లోపలికి పోయి, ఎర్ర చీరలతో బయటికి వస్తున్నారు.

ప్రత్యూష లోపలికి వెళ్లింది. తలుపు గడియ పెట్టి, తోసి చూసింది. తీసి, మళ్లీ పెట్టి, భుజంతో తోసింది. గడియ నిలబడింది. డ్రమ్ములో నీళ్లున్నాయి, మూలన మరుగుదొడ్డి ఉంది. ఫ్లెక్సీలకి కన్నాలున్నాయేమోనని చేత్తో తడుముతూ చుట్టూ తిరిగింది. మెడ ఎత్తి గుట్టవైపు చూసింది. పైన ఎవరూ లేరు. చీర మార్చుకుంటున్నంతసేపూ తల ఎత్తి చూస్తూనే ఉంది.

బయట ధనమ్మ నిలబడి ఉంది. "ఇయ్యాల ఉంది," అంది. "ఆమె లేని రోజు?"

జవాబు కోసం ఆగలేదు. వరసల్లో నిలబెట్టడానికి మైకులో పిలుస్తున్నారు.

గుంపు చాలా వెనక ఉంది. ముందు కెమెరా, దాని పక్కన గొడుగులు, గొడుగుల కింద కుర్చీలు. వీరరాఘవమ్మ ఒక కుర్చీలో మేకప్పుతో కూర్చుని ఉంది. మేనేజరు వంగి ఏదో చెబుతున్నాడు. ఆవిడ అతనివైపు చూడటం లేదు. తల తిప్పి ఎర్ర చీరల గుంపులో వెతుకుతోంది. ప్రత్యూష చెయ్యి ఎత్తబోయి, ఎత్తితే బయటపడతానని తల మాత్రం ఒకసారి ఊపింది. అంత దూరానికి కనపడిందో లేదో. కాసేపటికి వీరరాఘవమ్మ కుర్చీలోంచి లేచి, చెప్పులు విడిచి, తను నిలబడాల్సిన చోటికి నడిచింది.

ఎండ ఎక్కుతోంది. రాళ్ల మీద నుంచి వేడి పైకి కొడుతోంది. పక్కన నిలబడ్డ పెద్దావిడ ప్రత్యూషని పైనుంచి కిందికి అనుమానంగా చూసింది.

"నిన్నెప్పుడూ చూళ్లేదే. కొత్తా?"

"కొత్తే," అంది ప్రత్యూష.

పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఆమెని తన వెనక్కి లాగింది.

"అయితే ఇట్టా నిలబడు. సాయంత్రం దాకా నిలబెడతారు. వంతులవారీగా నీడిచ్చుకుంటాం మేము. ముందు నువ్వు నా నీడలో ఉండు. తరవాత నేను."